ధనుర్మాసంలో శాంతినికేతన దీపాలు

గడచిన ధనుర్మాసంలో ఒకనాటి ఉదయం తిరుప్పావై పారాయణ ముగిసి, ప్రసాద వినియోగం జరుగుతున్న సమయంలో మా ఆలయానికి చిరకాలంగా వచ్చే ఒక గృహిణి పక్కకు వచ్చి నిలబడ్డారు. ఆమె ముఖంలో కలత కనిపించింది. కుమారుడు దూరాన ఒక విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. శీతకాలపు సెలవులకు హాస్టలు దాదాపు ఖాళీ అయినా, పరీక్షల నిమిత్తం అతడు అక్కడే ఉండిపోయాడు. అదే గదిలో ఉండే క్రైస్తవ స్నేహితుడు క్రిస్మస్ నాటి ప్రార్థనకు రమ్మంటే వెళ్లి కూర్చున్నాడట. పాటలు పాడుతూ ఉంటే తానూ గొంతు కలిపాడట. ఆ సంగతి ఫోనులో దాచకుండా తల్లికి చెప్పాడు. ఇది అపచారమా, ప్రాయశ్చిత్తం ఏమైనా చేయించాలా అని ఆమె ప్రశ్న.

నాలుగు దశాబ్దాలుగా అర్చకత్వం చేస్తున్నవాడిని, వేదం చదువుకున్నవాడిని. అయినా ధర్మశాస్త్రంలో నుండి ఒక వాక్యం తీసి ఆమె చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. మండపంలో కూర్చోమని చెప్పి, ఒక మహనీయుని జీవితం ఆమెకు చెప్పాను. ఆనాడు చెప్పినదే ఇప్పుడు మీకు మనవి చేస్తున్నాను. ఆయన రవీంద్రనాథ ఠాకూరు. మనకందరికీ జాతీయగీత కర్తగా, గీతాంజలి కవిగా తెలిసినవారు. కాని ఒక విద్యాలయ ప్రాంగణంలో ఆయన ఒక దీపం వెలిగించిన సంగతి మన ఇళ్లలో అంతగా తెలియదు.

ఈ కథ రవీంద్రులతో కాదు, వారి తండ్రి మహర్షి దేవేంద్రనాథులతో ఆరంభం కావాలి. కలకత్తాలో అపార సంపద నడుమ పుట్టిన దేవేంద్రనాథులకు యౌవనంలో వైరాగ్యం కలిగింది. ఆ రోజుల్లో ఒకనాడు ఒక సంస్కృత గ్రంథం నుండి చినిగిన పుట గాలికి కొట్టుకొని వచ్చి వారి కంటబడింది. అర్థం తెలియక రామచంద్ర విద్యావాగీశులను అడిగితే, అది ఈశావాస్యోపనిషత్తులోని తొలి మంత్రమని వారు చెప్పి వివరించారు. ఈ జగత్తంతా ఈశ్వరునిచేత ఆవరింపబడి ఉన్నదనే ఆ భావం ఆయన బ్రతుకును మలుపు తిప్పింది. 1843 డిసెంబరు 21న, అనగా వంగదేశపు లెక్కలో పౌష మాసం ఏడవ నాడు, మరి ఇరవై మందితో కలిసి బ్రహ్మధర్మ దీక్ష స్వీకరించారు. వంగదేశంలో మాసాలు సౌరమానం ప్రకారం నడుస్తాయి. కనుక వారి పౌషమే మన ధనుర్మాసం. మనం గోదాదేవి పాశురాలు చదువుకొనే రోజులే వారికి ఆ దీక్షా దినాలు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. దేవేంద్రనాథులు వేదాధ్యయనం కోసం నలుగురు విద్యార్థులను కాశీకి పంపి, చివరకు వేదం స్వతఃప్రమాణమనే విశ్వాసాన్ని వదులుకున్నారు. విగ్రహారాధనను అంగీకరించలేదు. నిత్యం స్వామికి అభిషేకం చేసే నాకు ఇవి రెండూ రుచించని విషయాలే. అయినా ఆయన ఉపనిషత్తులను హృదయానికి హత్తుకున్న తీరు చూస్తే చేతులు జోడించకుండా ఉండలేను.

క్రైస్తవ మతప్రచారకుల పట్ల మాత్రం ఆయన కఠినంగా నిలిచారు. 1845లో కలకత్తాలో ఒక హిందూ యువకుడు భార్యతో సహా మతం మారినప్పుడు ఆయన ఊరంతా కదిలించి, హిందువుల పిల్లలు మిషనరీ బడులకు వెళ్లనవసరం లేకుండా ఒక ఉచిత పాఠశాల స్థాపనకు పూనుకున్నారు. తాను పుత్రవాత్సల్యంతో చూసుకున్న కేశవచంద్ర సేనులు 1866లో వేరుపడి పోయారు. వారి మధ్య వచ్చిన భేదాలు అనేకం; కేశవులకు క్రీస్తు మీద పెరుగుతున్న మక్కువ కూడా పెద్దవారికి నచ్చలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు దీనితో పని ఉన్నది.

1863లో దేవేంద్రనాథులు బోల్పూరు దగ్గర ఎర్రమట్టి నేలలో రెండు సప్తపర్ణి వృక్షాల నీడలో విశ్రమించి, ఆ ప్రశాంతతకు ముగ్ధులై ఇరవై బీఘాల భూమిని శాశ్వత కౌలుకు తీసుకున్నారు. అదే శాంతినికేతనం. 1888లో దానిని ధర్మకర్తల పరం చేస్తూ వ్రాయించిన పత్రంలో నియమాలు పెట్టారు. అక్కడ ఏ విగ్రహానికీ పూజ జరగరాదు. మద్యమాంసాలు కూడవు. ఏటా ఒక మేళా జరగాలి. ఏ మతాన్నిగాని, ఏ మతస్థులు ఆరాధించే దైవాన్నిగాని నిందించరాదు. మిషనరీలతో అంత పోరాడిన పెద్దమనిషి తన ఆశ్రమంలో పరమత నిందకు తలుపులు మూసివేశారు. 1891లో రంగురంగుల గాజుపలకలతో, చలువరాతి నేలతో ఉపాసనా మందిరం ప్రారంభమైంది. లోపల విగ్రహం లేదు.

ఈ తండ్రికి 1861 మే 7న జన్మించిన కుమారుడు రవీంద్రులు. 1873లో ఉపనయనం జరిగింది. గుండు చేయించుకున్న తలతో బడికి వెళితే తెల్లదొరల పిల్లలు ఎగతాళి చేస్తారని ఆ బాలుడు దిగులుపడుతుంటే, తండ్రి హిమాలయాలకు తనతో రమ్మన్నారు. దారిలో కొన్నాళ్లు శాంతినికేతనంలో ఆగారు. అక్కడి నుండి అమృతసరం చేరి, స్వర్ణదేవాలయంలో సిక్కుల నడుమ కూర్చుని తండ్రి భజనలో గొంతు కలపడం ఆ పిల్లవాడు చూశాడు. ఉపనయన దినాలలో గాయత్రి జపిస్తూ, అర్థం పూర్తిగా తెలియకపోయినా ఒకనాడు కన్నీళ్లు ధారలు కట్టాయని పెద్దయిన తరువాత ఆయనే వ్రాసుకున్నారు. గాయత్రి ఆయనను జీవితాంతం విడువలేదు. ముందు జరిగినదంతా ఈ పునాది మీద నిలిచినదేనని నా విశ్వాసం.

1901 డిసెంబరు 22న, మళ్లీ అదే పౌష సప్తమి దినాన, రవీంద్రులు శాంతినికేతనంలో బ్రహ్మచర్యాశ్రమం ఆరంభించారు. విద్యార్థులు ఐదుగురు. గురుకులం నడిపించడానికి ఆయనకు చేదోడుగా వచ్చినవారు ఎవరో తెలుసా? బ్రహ్మబాంధవ ఉపాధ్యాయులు. బ్రాహ్మణ వంశంలో పుట్టి, రోమన్ కాథలిక్ మతం స్వీకరించి, కాషాయం ధరించి, తాను హిందువునే అని ప్రకటించుకున్న విచిత్ర పురుషుడు. వేదకాలపు గురుకులం ఒక క్రైస్తవ సన్యాసి చేతుల మీదుగా మొదలైంది! రవీంద్రులను గురుదేవుడని మొదట పిలిచినవారు కూడా ఆయనే. ఆ సహవాసం ఎక్కువ కాలం సాగలేదు, ఏడాది తిరగకుండానే ఆయన వెళ్లిపోయారు. 1907లో రాజద్రోహ నేరం మీద విచారణ నడుస్తుండగానే కన్నుమూశారు.

ఆ తొలి రోజుల రవీంద్రులు మీరు అనుకునే విశ్వకవి కారు. ప్రాచీన వర్ణధర్మాన్ని నిలబెట్టాలన్న పట్టుదల ఆయనకు ఉండేది. బ్రాహ్మణ విద్యార్థులకు భోజనంలో వేరు పంక్తి. 1902లో బ్రాహ్మణేతరుడైన ఒక ఉపాధ్యాయునికి బ్రాహ్మణ బాలురు పాదాభివందనం చేయవచ్చునా అనే ప్రశ్న వస్తే, పాదాలు తాకనక్కరలేదు, నమస్కారం చాలునని ఆయన తీర్పు చెప్పారు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ గృహిణి ఆశ్చర్యపోయారు. మహాపురుషులు పుట్టుకతోనే పరిపూర్ణులుగా ఉంటారని మనం అనుకుంటాం. వారిని మార్చిన బాధ మన లెక్కలోకి రాదు.

ఆ బాధ వరుసగా వచ్చింది. విద్యాలయం కోసం తన నగలు ఇచ్చిన భార్య మృణాళినీదేవి 1902 నవంబరు 23న గతించారు. మరుసటి ఏడాది కుమార్తె రేణుక. 1905 జనవరిలో తండ్రి. 1907లో, భార్య పోయిన అదే నవంబరు 23న, పదకొండేళ్ల చిన్నకుమారుడు శమీంద్రుడు కలరాతో మరణించాడు. ఒక్క ఐదేళ్లలో ఆ ఇల్లు ఇంతగా ఖాళీ అయింది. తరువాతి శీతకాలం నుండి ఆయన తెల్లవారుజామున ఆ గాజు మందిరంలో ఆశ్రమవాసులకు ఉపనిషత్తుల మీద ప్రసంగాలు చేయసాగారు. కాశీలో పెరిగి, కబీరు మొదలైన సాధువుల వాణిని గ్రామాల్లో తిరిగి సేకరించిన క్షితిమోహన సేనులు ఆ 1908లోనే వచ్చి చేరారు. విధుశేఖర శాస్త్రిగారనే సంస్కృత పండితులు అప్పటికే అక్కడ ఉన్నారు.

1910 సంవత్సరం చూడండి. జనవరిలో కుమారుడు రథీంద్రునికి బాలవితంతువైన ప్రతిమాదేవితో వివాహం జరిపించారు. ఠాకూరుల ఇంట అది మొదటి వితంతు వివాహం. అదే ఏడు బెంగాలీ గీతాంజలి వెలువడింది. గోరా నవల పుస్తకంగా వచ్చింది. ఆచారం కోసం ప్రాణమిచ్చే బ్రాహ్మణ యువకుడు తాను ఐరిష్ దంపతుల బిడ్డనని తెలుసుకోవడం ఆ నవలలోని కథ. ఎనిమిదేళ్ల క్రితం పాదాభివందనం వద్దన్న చేయే దానిని వ్రాసింది. ఆ ఏడాది డిసెంబరు 25న శాంతినికేతన మందిరంలో, తండ్రి కట్టించిన ఆ ఉపాసనా గృహంలోనే, రవీంద్రులు తొలిసారి క్రీస్తు జన్మదినాన్ని జరిపించి ప్రసంగించారు.

తండ్రి బ్రతికి ఉంటే ఏమనేవారో అనే ప్రశ్న నాకు కలుగుతుంది. కేశవుల క్రీస్తు భక్తి నచ్చనివారు ఆయన. కాని ఆ పత్రంలోని నియమం కూడా ఆయనదే. కుమారుడు విగ్రహం నిలపలేదు, మతం మారలేదు, ఉపనిషత్తును పక్కన పెట్టలేదు. తండ్రి పెట్టిన నియమాన్ని ఒక్క అడుగు ముందుకు నడిపించారు. ఇతరుల ఆరాధ్యుని నిందించకపోవడం దగ్గర తండ్రి ఆగితే, ఆ ఆరాధ్యునికి మనసారా నమస్కరించడం వరకు కుమారుడు వెళ్లారు.

ఆనాటి ప్రసంగం ఆరంభించిన తీరు నాకు ఎంతో ఇష్టం. పూర్వం ఒక బావుల్ గాయకుని, మీరు అందరి ఇళ్లలోనూ భోజనం చేస్తారా అని తాను అడిగిన సంగతి చెప్పారు. మమ్మల్ని అంగీకరించనివారి ఇంట తినము అని ఆ బావుల్ సమాధానం. వారు అంగీకరించకపోతే పోనీ, మీరు వారిని ఎందుకు అంగీకరించరు అని తిరిగి అడిగితే, ఆ సాధువు కాసేపు ఊరకుండి, అక్కడే తమకు చిక్కుముడి ఉన్నదని ఒప్పుకున్నాడట. మన సంగతీ అంతే అని రవీంద్రుల భావం. క్రైస్తవ ప్రచారకులు మన ధర్మాన్ని తూలనాడారు. ఆ కోపంతో మనం క్రీస్తునే దూరం పెట్టుకున్నాం. వారి మీద అలిగి మన విస్తరిలోనిది మనమే కాలదన్నుకున్నాం. పోయిన అన్నం ఎవరిది? విస్తరి ఉపమానం నాది, ఆలోచన మాత్రం ఆయనదే.

ఇది దొరల మెప్పు కోసం చేసిన పని అని మీలో ఎవరికైనా తోచవచ్చు. నోబెల్ బహుమతి రావడానికి మూడేళ్ల ముందు సంగతి ఇది. జలియన్‌వాలా బాగ్ దారుణం తరువాత 1919 మేలో బ్రిటిషు ప్రభువులు ఇచ్చిన సర్ బిరుదాన్ని తిరస్కరించిన చేయి కూడా ఇదే. క్రీస్తును పూజించడం వేరు, క్రైస్తవ రాజ్యానికి తల వంచడం వేరని ఆయనకు స్పష్టంగా తెలుసు. చర్చి అధికారాన్ని, మతమార్పిడి వ్యాపారాన్ని ఆయన ఎన్నడూ సమర్థించలేదు.

1914లో ఆంగ్లికన్ మతాచార్యుడు ఆండ్రూస్ దొరగారు శాంతినికేతనం చేరారు. దీనబంధు అని దేశం పిలుచుకున్న ఆ సాధువు తన క్రీస్తును వదలలేదు, రవీంద్రులు తన ఉపనిషత్తును వదలలేదు. 1940 ఏప్రిల్ 5న ఆండ్రూస్ మరణించే వరకు వారి స్నేహం చెక్కుచెదరలేదు. ఒకరినొకరు మార్చుకోవాలని ఎన్నడూ ప్రయత్నించకపోవడమే ఆ స్నేహ రహస్యమని నాకు తోస్తుంది.

1921 డిసెంబరు 23న, పౌష ఉత్సవ దినాలలోనే, ఆ చిన్న గురుకులం విశ్వభారతిగా రూపు దాల్చింది. సభకు ఆచార్య బ్రజేంద్రనాథ శీలు అధ్యక్షత వహించారు. ప్రపంచమంతా ఒకే గూటిలో చేరే చోటు అనే అర్థం గల శుక్లయజుర్వేద మంత్రభాగాన్ని విశ్వవిద్యాలయానికి ఆదర్శవాక్యంగా ఎంచుకున్నారు. వేదప్రామాణ్యాన్ని వదులుకున్న తండ్రి కుమారుడు, తీరా తన విశ్వవిద్యాలయానికి పేరుపెట్టే వేళ వేదం దగ్గరికే వచ్చారు! ఈ ముక్క తలచుకున్నప్పుడల్లా నాకు లోలోపల ఒక చిన్న గర్వం. పాఠకులు మన్నింతురు గాక.

ఆ గూటికి వచ్చిన పక్షులను చూడండి. సంస్కృత, బౌద్ధ విద్యలలో మేటి అయిన ఫ్రెంచి పండితుడు సిల్వా లెవీ, సిల్హెట్టు నుండి వచ్చి చదువుకొని తరువాత గొప్ప రచయిత అయిన సయ్యద్ ముజ్తబా అలీ, చీనా భవనాన్ని 1937లో నిలబెట్టిన తాన్ యున్ షాన్. ఇస్లామీయ విద్యాపీఠం కోసం లక్ష రూపాయలు మన హైదరాబాదు నిజాము నవాబు ఇచ్చారు. ఆ పీఠంలో బోధించడానికి 1929లో హంగేరీ నుండి జెర్మానస్ అనే పండితుడు వచ్చారు. మన తెలుగువారి పాత్ర అంతటితో ఆగలేదు. మన రాయప్రోలు సుబ్బారావుగారు, బెజవాడ గోపాలరెడ్డిగారు ఆ చెట్ల నీడన గడిపినవారే.

పౌష ఉత్సవం నాడు ఆ ప్రాంగణం ఎలా ఉంటుందో ఊహించండి. తెల్లవారకముందే చలిలో విద్యార్థులు కీర్తనలు పాడుతూ ఆశ్రమం చుట్టి వస్తారు. మన హరిదాసులు, నగర సంకీర్తనలు గుర్తుకు రాకమానవు. సప్తపర్ణుల నీడలో మహర్షి ధ్యానం చేసుకున్న వేదిక దగ్గర ఉపాసన జరుగుతుంది. మైదానంలో 1894లో మొదలైన మేళా, బావుల్ గాయకుల ఏక్‌తార నాదం. మరణించిన ఆశ్రమవాసుల స్మరణ ఒకనాడు. చదువు ముగించి వెళ్లినవారు సంవత్సరానికి ఒకసారి పుట్టింటికి వచ్చినట్లు తిరిగి వస్తారు. ఆ సందడి చివర, డిసెంబరు 25 సాయంకాలం, గాజు మందిరంలో కొవ్వొత్తుల కాంతిలో క్రీస్తు స్మరణ.

ఆయన ఆలోచన వయసుతో పాటు లోతెక్కింది. 1930లో జర్మనీలోని ఒబెరామెర్గావు గ్రామంలో అక్కడి రైతులు, పనివారు ప్రదర్శించే క్రీస్తు చరమయాత్ర నాటకం చూసి చలించి, శిశువు పేర ఒక దీర్ఘకవితను నేరుగా ఇంగ్లీషులోనే వ్రాశారు. ఆయనకు అది అపూర్వం. 1933 డిసెంబరులో, మళ్లీ ధనుర్మాసానికి కొద్ది రోజుల ముందు, వాల్తేరుకు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మానవుని గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. అప్పుడు ఉపాధ్యక్షులుగా ఉన్నవారు సర్వేపల్లి రాధాకృష్ణపండితులు. రాధాకృష్ణులు క్రైస్తవ కళాశాలలో చదువుకుంటూ, తన ధర్మాన్ని గురించి వినవచ్చిన విమర్శలకు సమాధానం వెతుక్కుంటూ వేదాంతంలోకి దిగినవారు. ఆ ఇద్దరూ విశాఖ సముద్రపు గాలిలో ఒకచోట కూర్చున్న దృశ్యం తలచుకుంటే నాకు కడుపు నిండినట్లు ఉంటుంది.

1939 డిసెంబరు 25. యూరపులో మహాయుద్ధం మొదలై నాలుగు మాసాలైంది. క్రీస్తు పేరు చెప్పుకొనే దేశాలు ఒకదాని మీద ఒకటి బాంబులు దాచుకొని కూర్చున్నాయి. ఆనాడు డెబ్బయి ఎనిమిదేళ్ల వృద్ధకవి ఒక పాట కట్టారు. పూర్వం రాజు పేరు చెప్పి ఆ మహాత్ముని చంపినవారే నేడు కొత్త జన్మలెత్తి భక్తుల వేషంలో ఆలయాలలో చేరారని దాని సారం. ఇది క్రైస్తవులకు మాత్రమే తగిలే మాట అని నేను అనుకోను. ఆ పాట సంగతి చదివిన నాడు గర్భాలయంలో హారతి పళ్లెం పట్టుకున్న నా చేయి ఒక క్షణం ఆగింది.

మరుసటి ఏడు కాలింపాంగులో ఆయన తీవ్ర అస్వస్థులయ్యారు. కొంత కోలుకొని శాంతినికేతనం చేరారు. ఆ పౌష మాసమే ఆయన చూసిన చివరిది. 1941 ఆగస్టు 7న, శ్రావణ వర్షాల మధ్య, తాను పుట్టిన జొరాసాంకో గృహంలోనే కన్నుమూశారు. విశ్వభారతి 1951లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 2023లో యునెస్కో శాంతినికేతనాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఇదంతా ఆ గృహిణికి చెప్పేసరికి ఎండ ధ్వజస్తంభం మీదికి ఎక్కింది. మధ్యలో ఆమె ఒక్కటే అడిగారు. అంత క్రీస్తు భక్తి ఉన్నవారు గాయత్రి మానలేదా అని. మానలేదని చెప్పాను. ఆ తరువాత ప్రాయశ్చిత్తం మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కుమారుని గోత్రనామాలతో అర్చన చేయించుకున్నారు. ఆ మధ్యాహ్నపు బస్సుకు భర్త హాస్టలుకు వెళుతున్నారట. పులిహోర ప్రసాదం రెండు పొట్లాలు వేరువేరుగా కట్టించుకున్నారు. రెండవది ఎవరికని నేను అడగలేదు.